సొన చేతుల ఫోటో

మా ఆవిడ పోయిన నాలుగో నెలలో కెమెరా బయటికి తీశాను. దుఃఖం పొంగుకొచ్చి కాదు. ఆవిడ చీరలు ఎవరికివ్వాలో తేలక బీరువా తెరిస్తే, ముందుగా చేతికి తగిలింది అదే.

రీలు వేసే పాత కెమెరా. కిందటి వేసవిలో రసాల మామిడి కోత నాడు ఆవిడే తోటకు పట్టుకొచ్చింది. రీల్లో ఆఖరి ఫోటో ఒక్కటే మిగిలిందట.

"నాదొకటి తీయండి. కాయల మీదున్న శ్రద్ధలో వీసమెత్తు నా మీద చూపించండి," అంది.

సొన చేతులతోనే అందుకుని నొక్కాను. బటన్ దిగింది, చప్పుడు రాలేదు.

"వచ్చానా?" అనడిగింది. కాయల కోసం బయట వ్యాను ఆగి ఉంది. "వచ్చావు," అన్నాను.

ఆ తర్వాత ఆవిడ "రీలు కడిగించారా?" అని అడగడం, నేను "చూద్దాంలే" అనడం. అంతలోనే కార్తీకంలో ఆవిడ పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు నూజివీడులో పాత స్టూడియో ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. "ఆఖరి ఫోటో మా ఆవిడదండీ. పడిందో లేదో చూడండి," అన్నాను. ఇంట్లో ఆవిడ ఫోటో మరొకటి లేదని కాదు. నేను తీసింది లేదు.

ఆయన ముందు అద్దం విప్పి చూశాడు. "షట్టర్ రెప్పలు అతుక్కుపోయాయండీ. ఇందులో నూనె ఎవరు పోశారు?"

నేనే. అంతకు ముందటేడు లెన్సుకు సొన అంటితే, చేతులకు రాసుకున్నట్టే కొబ్బరినూనె పట్టించి తుడిచాను. ఘనకార్యం చేశాననుకున్నాను కూడా.

ఆయన పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి రెప్పలు తుడుస్తున్నాడు. నేను గోడ మీది క్యాలెండరులో వర్జ్యాలు చదువుతూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఆకలి కూడా లేదు.

టక్‌మంది.

"చూశారా! అప్పుడు మీరు నొక్కిన నొక్కేనండీ. ఇన్నాళ్ళూ లోపలే ఆగిపోయి ఇప్పుడు పడింది!" అన్నాడాయన సంబరంగా. కెమెరా ముందు ఆయన బొటనవేలు, దూది పుల్ల, పైన ట్యూబులైటు ఉన్నాయి. మరుక్షణం ఆయనకే అర్థమై పుల్ల కింద పెట్టేశాడు.

"అయితే అమ్మగారి ఫోటో..."

"రాలేదండీ," అన్నాను.

తోటలో ఆవిడ అడిగినప్పుడే ఆ మాట చెప్పి ఉంటే, చేతులు కడుక్కుని ఇంకొకటి తీసేవాణ్ణి.