బోగీ, దానిపైనున్న సమస్తంతో సహా

మనుషులు రిటైరైతే ఒక శాలువా కప్పి, రెండు మంచి మాటలు చెప్పి, మర్నాటి నుంచి వీళ్లేమైపోతారో ఎవరూ అడగని అలవాటు మనది. రైళ్లకి ఆ శాలువా కూడా ఉండదు. మొన్న బందరు నుంచి గుడివాడ వెళ్తుంటే పక్క సీటావిడ కిటికీలోంచి కరెంటు తీగలు చూస్తూ, ఇదివరకు పొగ కక్కుతూ తిరిగిన డీజిల్ బళ్లన్నీ ఏమైపోయుంటాయంటారండీ అని అడిగారు. అన్నిటి సంగతీ నాకు తెలియదు గానీ, ఒకదాంట్లో సగం మాత్రం నేను దివిసీమ తీసుకెళ్లానండీ అన్నాను. ఆవిడ నా తెల్లజుట్టు చూసి, పాపం అనుకున్నట్టున్నారు, గుడివాడ వచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను కొత్తగా పంతులమ్మనైన ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు నిండి నాలుగు నెలలు. కోడూరు దాటాక మూడున్నర మైళ్లకి వచ్చే ఒక ఊళ్లో, ఆడపిల్లల బడిలో, లెక్కల టీచరుగా చేరాను. నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉండేది. (దర్జీ వాడే గుడ్డ టేపు కాదు, చుట్టుకుపోయే ఇనుప టేపు. గుడ్డది సాగుతుంది.) బల్లకీ బల్లకీ మధ్య దూరం, నల్లబల్ల ఎత్తు, పిల్లల జడల పొడవు కూడా కొలిచేదాన్నని ఊళ్లో చెప్పుకునేవారు. జడల మాట అబద్ధం. ఒక్కసారే కొలిచాను, అది కూడా సరాసరి లెక్క నేర్పడానికి. పిల్లలు మాత్రం నన్ను టేపు టీచరనే పిలిచేవారు, నాకు వినపడదనుకుని.

ఆ బడిలో తొమ్మిది దాకానే ఉండేది. తొమ్మిది పాసైన పిల్లలు ఆ ఏడు పదకొండు మంది. వాళ్ల నాన్నలందరిదీ ఒకటే మాట: మన బళ్లో పది ఉంటే చదివిస్తాం, అవనిగడ్డ బస్సు మాత్రం ఎక్కించం. పదో తరగతికి అనుమతి కావాలంటే ఒక గది ఎక్కువ చూపించాలి. జూన్ మొదటి సోమవారం ఇన్‌స్పెక్టరుగారు వస్తారు, ఆ రోజుకి గది ఉంటే అనుమతి, లేకపోతే ఆ పదకొండు మందికీ చదువు అంతటితో సరి. గది కట్టడానికి బడి కమిటీ దగ్గర మంచి మనసు తప్ప ఇంకేమీ లేదు. కమిటీ ప్రెసిడెంటుగారు మాగాణి ఉన్న రైతు, నెమ్మదైన మనిషి. ఏం చెప్పినా "చూద్దాం టీచరమ్మా" అనేవారు. ఆయన చూస్తుండగానే ఏప్రిల్ వచ్చేసింది.

వేసవి సెలవులకి బందరు వెళ్లాను. మా బందరు మావయ్య (అమ్మకి తమ్ముడు) రైల్వేలో సరుకుల ఆఫీసులో గుమాస్తా. భోజనాల దగ్గర మాటల్లో మాటగా ఒక డీజిల్ బండి కథ చెప్పాడు. ఒంటిపెట్టె బండి, ఇంజను కడుపులోనే ఉండేది, బస్సు మాదిరి ముందు డ్రైవరు కూర్చునేవాడు. దానికి వయసైపోయిందని ముందు ప్రయాణికుల్ని ఎక్కించడం మానేశారు. ఆ తర్వాత రెండేళ్లు పట్టాలు బాగుచేసే పనివాళ్లని మోసింది. ఆ తర్వాత ఇంజను ఊడదీసి ఇంకో బండికి పెట్టారు. ఫ్యాన్లు ఆఫీసర్ల గదుల్లోకి వెళ్లాయి, కూర్చునే బల్లలు వెయిటింగు రూముల్లోకి వెళ్లాయి, దీపాలు ఎక్కడికి వెళ్లాయో అవి వెళ్లాయి. మనిషికి పళ్లూ కళ్లూ మోకాళ్లూ వరసగా పోవడం లేదుటే, అదీ అంతే, అన్నాడు మావయ్య, చారు పోసుకుంటూ. ఇప్పుడది ఒంటి మీద తెల్లరంగుతో "కండెం" (అంటే ఇంక పనికిరాదని) అని రాయించుకుని గుడివాడ యార్డులో తుమ్మచెట్ల కింద పడుందిట, కోసి పాత ఇనుము కింద పంపేస్తారుట. ఏ బడివాళ్లయినా అడిగితే ఊరికే ఇచ్చే వీలుంది, కాయితం సరిగ్గా రాయాలంతే, అన్నాడు. కాయితం సరిగ్గా రాయడం అనే మాట చెవిన పడ్డాక నేనింక అన్నం సరిగ్గా తినలేదు.

ఊరికి తిరిగొచ్చి ప్రెసిడెంటుగారికి చెబితే ఆయన మొహం వెలిగింది. మా దివిసీమకి రైలు లేదు కదా, రైలే ఊళ్లోకి వస్తోందంటే ఎవరికి సంతోషం కాదు. "రైలు పెట్టె ఒకటి ఇప్పించమని రాసెయ్యి టీచరమ్మా" అన్నారు. నేను ఆయన్ని సరిదిద్దాను. పెట్టె అంటే బట్టలు పెట్టుకునేదండీ, దాన్ని బోగీ అనాలి, చదువుకున్నవాళ్లు అలా అంటారు, అని వివరించాను. ఆయన పాపం ఒప్పుకున్నారు. "ఒక బోగీ, దానిపైనున్న సమస్తంతో సహా, మా బడికి దయచేయించగలరు" అని ఇంగ్లీషులో రాశాను. ఆ సమస్తం అన్న మాట దేనికంటే, మిగిలున్న కిటికీ రెక్కలూ తలుపు గొళ్లేలూ కూడా దారిలో ఎవరైనా ఊడదీసుకుంటారేమోనని భయం. ఆర్డరు మే నెల రెండో బుధవారం చేతికొచ్చింది. నా మాటలే, అక్షరం పొల్లు పోకుండా. అందులో ఒక్క తప్పు కూడా లేదని నాలుగుసార్లు చదివి గర్వపడ్డాను.

ఈలోగా నాకొక రహస్యమైన దిగులు పట్టుకుంది. మా ఊరి మొదట్లో కాలువ లాకుల దగ్గర ఒక పెడమలుపు ఉండేది. ఆ పదకొండు మంది పిల్లలనీ పోగేసి, వెదురు గడలు ఒకదానికొకటి కట్టి, ఆ పొడుగు గడని మోయించుకుంటూ మలుపు తిప్పించి చూశాను. సరిగ్గా ముప్పై అయిదడుగులు దాటితే చివర వెళ్లి ప్రెసిడెంటుగారి గొడ్లపాక గోడకి తగులుతోంది. మావయ్యని ఉత్తరం రాసి కనుక్కుంటే బండి పొడవు యాభై ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. అంటే గోడ కొట్టెయ్యాలి. ఆ సంగతి ప్రెసిడెంటుగారికి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. చెబితే చూద్దాం అంటారు కదా.

ఆర్డరు వచ్చిన మర్నాడే నేనూ ప్రెసిడెంటుగారూ గుడివాడ వెళ్లాం, మావయ్య బందరు నుంచి వచ్చి కలిశాడు. యార్డులో పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పేరు నాకు తెలియదు, మావయ్య ఆయన్ని చాటుగా రూల్సుగారు అనేవాడు. రూల్సుగారు మా ఆర్డరు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, మమ్మల్ని తుమ్మచెట్ల కిందికి తీసుకెళ్లారు. అక్కడ నా రైలు నుంచుని ఉంది. వెలిసిపోయిన రంగు, ముందు రెండు పెద్ద కిటికీలు. నాకు చూడగానే ప్రాణం లేచొచ్చింది. రూల్సుగారు మాత్రం పైకి చూడలేదు. వంగి, చేతికర్రతో కిందనున్న చక్రాల చట్రం మీద టంగుమని కొట్టారు. నాలుగు చక్రాలు, నల్లటి ఇనుప చట్రం, జిడ్డు.

"రైల్వేలో ఇదండీ బోగీ అంటే," అన్నారు. "పైనున్నది పెట్టె. పెట్టె మాట మీ కాయితంలో లేదు."

ప్రెసిడెంటుగారు నావైపు మెల్లగా తిరిగారు. ఆయన అంత మెల్లగా దేనివైపూ తిరగ్గా నేను చూడలేదు. "పెట్టంటే బట్టలు పెట్టుకునేదన్నావు కదమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది. మావయ్య తుమ్మచెట్టు మీద పిట్టల్ని చూస్తున్నాడు. మళ్లీ రాసుకుంటే ఇంకో నెల, అప్పటికి జూన్ మొదటి సోమవారం దాటిపోతుంది, పైగా ఆ వారంలోనే పెట్టెని కోయడానికి గ్యాసు మంటవాళ్లు వచ్చి చెట్టు కింద పొగాకు చుట్టుకుంటూ కూర్చునున్నారు. నా పదకొండు మందీ, వెదురు గడ మోసిన చేతులతో సహా, కళ్ల ముందు కనిపించారు. జన్మలో మొదటిసారి ఏం చెయ్యాలో తోచక, నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను. కాయితం తీసి మళ్లీ చదివాను.

"దానిపైనున్న సమస్తంతో సహా అని ఉందండీ," అన్నాను. "ఈ బోగీ మీద ఏముంది?"

రూల్సుగారు పైకి చూశారు. చూడక తప్పలేదు. "పెట్టె," అన్నారు.

మావయ్య పిట్టల్ని చూడటం మానేశాడు. రూల్సుగారు గడ్డం నిమురుకుంటూ బండి ఆ చివరిదాకా నడిచి, ఇంకో టంగుమని చప్పుడు చేసి తిరిగొచ్చారు. ఆయన మొహంలో గెలిచిన కళ ఉంది. "పెట్టెకి రెండు బోగీలు. మీకిచ్చింది ఒకటి. ఒక బోగీ మీద ఉన్నది సగం పెట్టే. మిగతా సగం ఆ బోగీ మీదుంది, అది మీది కాదు," అన్నారు.

యాభై ఎనిమిదడుగుల నాలుగంగుళాల్లో సగం ఇరవై తొమ్మిదడుగుల రెండంగుళాలు. వెడల్పు పదడుగులు. రెండు వందల తొంభై ఒకటి చిల్లర చదరపు అడుగులు. పదకొండు మందికి పంచితే పిల్లకి ఇరవై ఆరున్నర. లారీ ముక్కు అయిదున్నర అడుగులు కలిపితే ముప్పై నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. లాకుల మలుపుకి ఇంకా నాలుగంగుళాలు మిగులు. ఇదంతా వేసుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, ప్రెసిడెంటుగారి గొడ్లపాక గోడ కళ్ల ముందు చెక్కుచెదరకుండా నిలబడింది.

"అయితే సగమే ఇప్పించండి," అన్నాను.

"కోయాలండీ," అన్నారాయన, నాకు అర్థం కాలేదనుకుని.

"ఎలాగూ కోయడానికేగా వాళ్లొచ్చింది. డ్రైవరు గది ఉన్న వైపు సగం మాది."

రూల్సుగారు జేబులోంచి సుద్దముక్క తీశారు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. రూలు ప్రకారం ఓడిపోతే ఓడిపోయానని ఒప్పుకునే రకం. టేపు నా దగ్గరే తీసుకుని ఆయనే సుద్దతో గీత గీశారు, నేను కొలిచి పావంగుళం జరిపించాను. చివర్లో ఒక్క పేచీ వచ్చింది. కాయితంలో బోగీ అని ఉంది కాబట్టి ఆ చక్రాల చట్రం కూడా తీసుకెళ్లి తీరాలన్నారు. అది ఏనుగంత బరువు. "మేము అడిగేదాకా దీన్ని యార్డులోనే భద్రంగా ఉంచగలరు" అని రాసి సంతకం పెట్టిచ్చాను. ఇంతవరకు అడగలేదు.

తర్వాతి ఆదివారం తెల్లవారాక, కలప తోలే పొడుగు లారీ మీద మా సగం రైలు బయల్దేరింది. నేనూ మావయ్యా డ్రైవరు గదిలో నుంచున్నాం. (కూర్చోవడానికి బల్ల లేదు, వెయిటింగు రూముకి వెళ్లిపోయింది కదా.) చల్లపల్లిలో జనం కొట్లలోంచి బయటికొచ్చి చూశారు. ఒకాయన సైకిలు మీద వెంటపడి, మిగతా సగం ఎప్పుడొస్తుందండీ అని అడిగితే, వెనక వస్తోంది అని మావయ్య గంభీరంగా చెప్పాడు. ఆయన పాపం ఆ ఎండలో అక్కడే ఆగిపోయాడు. లాకుల దగ్గర లారీ డ్రైవరు దిగి, మలుపు చూసి, తిరుగుద్దంటారా అమ్మగారూ అని నసిగాడు. నాలుగంగుళాలు మిగులుతుంది, పోనివ్వమన్నాను. మిగిలింది మూడున్నర. ఆ అరంగుళం ఎక్కడ పోయిందో ఇప్పటికీ నాకు తేలలేదు. ఊళ్లోవాళ్లంతా బడి దగ్గరే ఉన్నారు. మా ఇంటిగలావిడ పులిహోర మూట కట్టుకుని ముందుగా ఎక్కి, ఒక మూల చతికిలబడి, బండి ఎప్పుడు కదులుద్దమ్మా అని అడిగింది. కదలదు పిన్నిగారూ అంటే, మరి ఎక్కించారెందుకు అని కోప్పడి, పులిహోర అక్కడే తినేసి దిగింది.

కోసిన వైపు ఇటుక గోడ లేపించి, దాని మీదే నల్లబల్ల రాయించాం. జూన్ మొదటి సోమవారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. చుట్టూ రెండుసార్లు తిరిగారు. కొలవడానికి ఆయన బంట్రోతు దగ్గర గుడ్డ టేపు ఉంటే, వద్దని నాది ఇచ్చాను. అంతా సరిపోయింది. చివరికి ఆయన ఫారం తీసి, కలం పట్టుకుని ఆగిపోయారు. "స్థిరమైన కట్టడమై ఉండాలని ఉందండీ. ఇదేమో రైలు. రేపు కదిలిపోదని ఏమిటి?"

ప్రెసిడెంటుగారు నావైపు చూశారు, ఈసారి చాలా తొందరగా.

"దీని బోగీ గుడివాడలో ఉందండీ," అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు వంగి కింద చూశారు. ఇటుకల దిమ్మలు తప్ప చక్రమన్నది లేదు. నవ్వు ఆపుకుంటూ స్థిరం అని రాసి, కింద గీత కూడా గీశారు. నేను తప్పు రాసిన ఆ ఒక్క మాటే మా బడికి పదో తరగతి తెచ్చింది. ఈ సంగతి ఆ రోజు నేను ఎవరితోనూ ఒప్పుకోలేదు. అంతా ముందే ఆలోచించి రాశానని ప్రెసిడెంటుగారితో అన్నాను. ఆయన, "అవునమ్మా, చదువుకున్నవాళ్లు అలాగే రాస్తారు," అన్నారు. ఆ మాటలో వెక్కిరింపు ఉందని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.

పదో తరగతి మొదలైన రోజు, పిల్లల్ని ఎత్తుల ప్రకారం ఎవరెక్కడ కూర్చోవాలో ఒక పటం గీసుకుని వెళ్లాను. గంట కొట్టగానే పదకొండు మందీ రెండు తలుపుల్లోంచీ ఒక్కసారిగా తోసుకుంటూ ఎక్కి, కిటికీ పక్క చోటు కోసం కొట్టుకున్నారు. అరవాలని నోరు తెరిచాను. తెరిచి, డ్రైవరు గదివైపు చూస్తే అక్కడ ముందు కిటికీ ఇంకా ఖాళీగా ఉంది. ఆ ఇరవై మూడేళ్ల టేపు టీచరు, పటం మడిచి సంచిలో పెట్టేసి, ఇంకెవరైనా వచ్చేస్తారేమోనని గబగబా కుర్చీ లాక్కెళ్లి అక్కడ కూర్చుని హాజరు పిలిచింది. ఎదురుగా వరిచేలు, కాలువగట్టు, ఎక్కడికీ పోని దారి. పదకొండు పేర్లకి పదకొండు జవాబులు వచ్చాయి. ఇన్నేళ్లలో ఆవిడ చేసిన పనులు చాలావాటికి నేను సిగ్గుపడతాను గానీ, ఆ కిటికీ దగ్గరికి పరిగెత్తినందుకు మాత్రం ఇప్పుడు తల్చుకున్నా ఆవిడ మీద ముద్దొస్తుంది.