అక్క ఎక్కిన పర్వతం

చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం అక్క గుండె కవాటాన్ని పాడుచేసింది. మట్టెవాడలోని మా పెంకుటింటికి మేడ లేదు, మెట్లు లేవు. అందుకే ఆ సంగతి చాలాకాలం బయటపడలేదు. మడికొండ గుట్ట ఎక్కుతూ సగంలో కూలబడిన రోజున తెలిసింది. ఇక ఎత్తులు ఎక్కవద్దన్నాడు దవాఖాన డాక్టరు. భూగోళం పంతులమ్మ కావాలనుకున్న మనిషి అక్క. ఒక్క కొండనైనా కొసదాకా ఎక్కాలని పట్టుబట్టింది.

అది డెబ్బైల చివరి మాట. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాను. ఎత్తులు కొలవడమే నా పాఠం. కాబట్టి కొండ ఎత్తు తగ్గించుకుంటూ వచ్చాం. మడికొండ తరువాత హనుమకొండలో పద్మాక్షి గుట్ట. అదీ కాదనుకున్నాక ఖిల్లాలోని ఏకశిల, ఓరుగల్లుకు పేరిచ్చిన ఒంటిరాయి. దాని ముందు రిక్షా ఆపించి, అక్క తలెత్తి చాలాసేపు చూసింది.

"ఎనుకకు తిప్పమను తమ్మి" అంది.

ఆ తరువాత గ్రంథాలయంలో లోకంలోని చిన్న పర్వతాలన్నీ వెతికాను. ఆస్ట్రేలియాలో ఒకటి చుట్టూ ఉన్న నేలకంటే నలభై మూడు మీటర్లే ఎత్తు. జపాన్‌లో ఒక రేవు దగ్గర, నదిలో పూడిక తీసి పోసిన మట్టిదిబ్బ ఐదు మీటర్లు కూడా లేదు. దానికీ పర్వతమనే పేరు. చదివి వినిపిస్తే అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"పోసిన మట్టి గూడ నడుస్తదా?"

"నడుస్తది. ఇంత ఎత్తుంటేనే పర్వతమని లోకం మొత్తానికి ఒక్క లెక్క లేదు."

"గట్లయితే మనింటి ముంగట ఉన్నదేంది మరి?"

ఎదురింటివాళ్లు కొత్త ఇంటికి పునాదులు తవ్వి, మట్టిని వీధిలో కుప్ప పోశారు.

మరునాడు పొద్దున్నే ఎక్కింది. ఒక చేయి నా భుజం మీద, రెండో చేతిలో చీర కుచ్చెళ్లు. ఆగి, ఊపిరి అందాక మళ్లీ అడుగు వేసింది. అమ్మ గడపలోంచి తిడుతూనే ఉంది.

"గింత పెద్దదానివి, కోడిపిల్ల లెక్క కుప్పలెక్కుడేందే! జనం నవ్వుతరు."

"నవ్వనియ్యే అమ్మా! గీడికెల్లి నువ్వు గింతే ఉన్నవ్!"

కొసన నిలబడి చుట్టూ చూసింది. ఎంతెత్తని అడిగితే రెండు మీటర్లన్నాను. కొంచెం ఎక్కువే చెప్పాను.

"మన పెంకులు చానా పగిలినయ్ తమ్మి. వానల కంటే ముందే మార్పియ్యి."

మార్పించేలోపే అక్క పోయింది.

ఎదురింటి గోడలు లేచాయి. ఆ మట్టినంతా గోడల నడుమ నింపి, నీళ్లు పోసి, దిమ్మిసతో కుమ్మి, మీద బండలు పరిచారు. గృహప్రవేశానికి పిలిస్తే అమ్మ వెళ్లలేదు. నేను వెళ్లాను. ముందు గదిలో భోజనాల బంతి వేశారు.

"కూసో బిడ్డా, నిలబడితివేంది?" అంది ఇంటామె, నా ముందు విస్తరి వేస్తూ.

బండల కింద ఆ మట్టే ఉంది. కూర్చోలేకపోయాను. కడుపులో బాగాలేదని చెప్పి బయటికి వచ్చేశాను.