ముఖ్య అతిథి కోసం ఆగిన కాలు

కృత్రిమ కాళ్లు చేసి ఉచితంగా ఇచ్చే ఆ సంస్థలో ఆయన్ని అందరూ కాళ్ల మేస్త్రి అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే రేకుల షెడ్డు, అదే ప్లాస్టర్ దుమ్ము. కాలు తయారవగానే అద్దాల బీరువాలో పెట్టి, తాళంచెవి అధ్యక్షులవారికి ఇచ్చేయాలి. కాలు ఇవ్వాలంటే సభ జరగాలి, సభకు ముఖ్య అతిథి దొరకాలి. కాలు లేనివాడికి తొందరేమిటట, ఇన్నాళ్లూ లేదుగా.

అధ్యక్షులవారికి పేదరికమంటే మహా మక్కువ. తనది కాదు లెండి, సంస్థది. దాతలు వచ్చే రోజున మంచి కుర్చీలు లోపల దాయించి, విరిగినవి బయట వేయిస్తారు. కొత్త యంత్రం కొంటే జనానికి జాలి తగ్గిపోతుందని ఆయన బెంగ.

ఆ ఏడాది బీరువాలో ఒక చిన్న కాలు చేరింది. ఎనిమిదేళ్ల పిల్లది. నడవగలిగితేనే బడిలో చేర్చుకుంటామన్నారు. వాళ్లమ్మ బట్టలు కుట్టే మనిషి, వారం వారం వచ్చి “ఇవాళైనా ఇస్తారా అన్నా?” అని అడిగేది. మేస్త్రి తల దించుకునేవాడు. అలా దించుకున్నందుకు తనమీద తనకే ఒళ్లు మండేది.

అంతలో ఒక దాత పట్టుబట్టి, సంస్థకు నిలకడైన రాబడి దారి చూపమని ఒక సలహాదారును పంపాడు. ఆవిడ వారం రోజులు షెడ్డులోనే కూర్చుని, పెద్దాసుపత్రితో మాట్లాడి వచ్చి, కమిటీకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆసుపత్రి తనకు కావలసిన కాళ్లన్నీ ఇక్కడే చేయించుకుంటుంది. ఆ రాబడితో పేదలకు ఎప్పటికప్పుడు ఉచితంగా ఇవ్వొచ్చు.

“ఎప్పటికప్పుడు ఇచ్చేస్తే సభేం పెడతామమ్మా?” అన్నారు అధ్యక్షులవారు.

“సభ అక్కర్లేదు సార్.”

“మరి ఫొటోలు?”

ఆరుగురు కమిటీ పెద్దలూ తలలూపారు. అందులో ఒక్క తలలోనైనా గుజ్జు ఉందేమోనని మేస్త్రి వెతికాడు. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, “ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని పనిలోకి ఎప్పుడైనా రమ్మన్నారండీ” అని మేస్త్రితో మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

కొలత తీసిన ఏడు నెలలకు ముఖ్య అతిథి దొరికాడు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, నవ్వుతూ చిన్న కాలు అందించాడు. తల్లి పట్టీలు బిగించింది. పిల్ల లేచి నిలబడి ఒక పక్కకు ఒరిగిపోయింది. తల్లి పట్టుకుంది.

“కూర్చోబెట్టి తీయవయ్యా, బాగా వస్తుంది,” అన్నారు అధ్యక్షులవారు ఫొటోగ్రాఫరుతో.

మేస్త్రి వేదిక ఎక్కాడు. పిల్ల ముందు కింద కూర్చుని పట్టీలు విప్పాడు.

“సార్, ఇది ఏడు నెలల కిందటి పిల్ల కాలు. పిల్ల మీకోసం పెరక్కుండా ఆగదు.”

గొంతు పెంచలేదు గానీ, మైకులో అందరికీ వినబడింది. మేస్త్రి తన జేబులోంచి టేపు తీసి మళ్లీ కొలత పట్టాడు. “రేపట్నుంచి నేను ఆసుపత్రిలో ఉంటానమ్మా, పిల్లని అక్కడికే తీసుకురా,” అన్నాడు తల్లితో.

ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి ఆరుగురు పెద్దలూ కొట్టారు.