వాయోస్ బస్సు ఎటు వాలింది

గ్రీసు కొండల్లోని మా ఊరు పేత్రోవ్రీసిలో ఓటు పెట్టెలో వెయ్యరు, కుర్చీలో వేస్తారు. చర్చి ముందు ఒక పక్క పోలిజోస్ కాఫీ కొట్టు, తలుపులకు నీలం రంగు. ఎదురుగా జీసిస్ కొట్టు, ఆకుపచ్చ. ఎవడు ఏ కుర్చీలో చతికిలబడ్డాడో చూస్తే చాలు, వాడి ఓటే కాదు, వాడి తాత ఓటు కూడా చెప్పొచ్చు. పట్నం నుంచి అధికారి వచ్చి లెక్కపెట్టకముందే ఫలితం చెప్పేసేవాణ్ణి నేను. మూడో తరగతిలో బడి నన్ను వదులుకుంది గానీ, లేకుంటే ఆ అధికారిని నేనే అయ్యుండేవాణ్ణి.

నా లెక్కకు లొంగనిది ఒక్కటే. ప్రతి ఎన్నికలోనూ పెట్టెలోంచి ఒక తెల్ల కాగితం వచ్చేది, ఏ పార్టీకీ చెందనిది. అది వాయోస్ బాబాయిదేనని ఊరు తీర్మానించేసింది. ఆయన ఏ కొట్టులోనూ కూర్చునేవాడు కాడు మరి.

ఊరికున్న ఒకే ఒక్క బస్సు ఆయనది. టిక్కెట్లు నేను కొట్టేవాణ్ణి. ఆ బస్సు మొదట నీలంగా ఉండేది. పచ్చవాళ్లు ఎక్కేది లేదని భీష్మించి త్రికాల పట్నం దాకా నడిచారు. దారిలో మేకలు వాళ్లను చూసి జాలిపడ్డాయి. పచ్చరంగు వేస్తే నీలంవాళ్లు గాడిదలెక్కారు. ఎరుపు వేస్తే ఊళ్లో ఉన్న ఏకైక కమ్యూనిస్టు, చెప్పులు కుట్టే తాత, ఆనందంతో ఏడ్చి టిక్కెట్టు లేకుండా ఎక్కబోయాడు. చివరికి గుమ్మడిపండు రంగుతో రాజీ కుదిరింది.

రంగు కుదిరింది గానీ సీట్లు కుదరలేదు. పచ్చవాళ్లు ఎడమ, నీలంవాళ్లు కుడి. పచ్చపార్టీ గెలిచిన ఏడు వాళ్లు ఎంత పొంగిపోయారంటే, ఆ బరువుకు ఎడమ చక్రాలు అరిగి పళ్లేలంత అయ్యాయి. ఒట్టు! మేకదూకుడు మలుపు దగ్గర లోయలోకి చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్కడ బండి ఒరిగినప్పుడల్లా బాబాయి వెనక్కి తిరక్కుండానే అరిచేవాడు:

"అటు నలుగురు జరగండ్రోయ్! పార్టీ తర్వాత, ప్రాణం ముందు!"

జరిగేవాళ్లు. మలుపు దాటగానే, అంటుకున్న గడ్డి దులుపుకున్నట్టు లేచి, ఎవరి సీట్లకు వాళ్లు పోయేవాళ్లు. పదేళ్లకు పైగా ఇదే తంతు.

ఎనభై అయిదులో, ఎన్నికలకు ముందు గురువారం, బాబాయి నిద్రలోనే పోయాడు.

అసలు తంటా అప్పుడు మొదలైంది. మా దగ్గర మనిషిని పూడ్చి వచ్చాక అందరూ అతని కొట్టులో కూర్చుని కాఫీ, చుక్క బ్రాందీ, ఎండు రొట్టె పుచ్చుకోవాలి. మరి వాయోస్‌ది ఏ కొట్టు? ఆయన భార్య హైదో పొద్దుటినుంచీ ఆ తలుపుకూ ఈ తలుపుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒక చోట పెడితే రెండో సగం ఊరు రాదు.

"వదినా, మా కొట్టే," అన్నాడు పోలిజోస్. "వాయోస్ మనవాడు. నన్ను చూస్తే హారన్ రెండుసార్లు కొట్టేవాడు."

"నువ్వు దారికడ్డంగా నిలబడితే కొట్టడా మరి!" ఎదుటినుంచి జీసిస్ అందుకున్నాడు. "అక్కా, వాడి మాట నమ్మకు. బావ మావాడు. లోపల్లోపల పచ్చ."

"లోపల ఏముందో మీకెలా తెలుసురా? పుచ్చకాయనుకున్నారా?" అని కసిరింది హైదో. "ఆయన్ని ఊరంతా కలిసి సాగనంపాలి. సగం ఊరుతో పంపితే సగం మనిషిని పంపినట్టే. ఇద్దరూ కప్పులివ్వండి. కాఫీ బస్సులో."

పాతిపెట్టి వచ్చేసరికి డ్రైవరు సీటు వెనక స్టవ్వు మీద కాఫీ పొంగుతోంది. పెట్టినవాణ్ణి నేనే, అంత నురగ త్రికాలలో కూడా దొరకదు. జీసిస్ తన మందను తోలుకొచ్చి ముందుగా ఎక్కించేశాడు. ముందెక్కినవాళ్ల మనిషే వాయోస్ అని వాడి ఎత్తు. ఎడమవైపు సీట్లన్నీ నిండిపోయాయి. పోలిజోస్ తన వాళ్లతో కింద చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"వాళ్లెక్కిన బండి మేమెక్కం."

హైదో ఫుట్‌బోర్డు మీద నిలబడి వాళ్ల మొహాలు చూసింది. చేతిలో కప్పుల పళ్లెం ఉంది. చర్చి ముందు నేల ఏటవాలు. బండి కిర్రుమంది. ఉన్నట్టుండి ఆమె మొగుడి గొంతు పెట్టి అరిచింది:

"అటు నలుగురు జరగండ్రోయ్!"

పదేళ్ల అలవాటు! నీలంవాళ్లు నలుగురు కాదు, నలభైమందీ ఒక్క ఉదుటున ఎక్కి కుడివైపు కూలబడ్డారు. అందరికంటే ముందు పోలిజోస్! తేరుకుని చూసేసరికి వాడి చేతిలో పచ్చ అంచు కప్పు, జీసిస్ చేతిలో నీలం అంచు కప్పు. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు. కాఫీ వేడిగా ఉంది.

ఆదివారం ఓట్లు లెక్కపెట్టారు. పెట్టెలోంచి మళ్లీ ఒక తెల్ల కాగితం వచ్చింది.

కొట్లు రెండూ ఖాళీ చేసి అందరూ హైదో గుమ్మం ముందు చేరారు. "నీదేనా?" అనడిగారు.

"ఆయనెవరికేశాడో నాకు చెప్పలేదు. నేనెవరికేస్తానో ఆయనకీ చెప్పలేదు," అని తలుపేసుకుంది.

ఇప్పుడు బస్సు నేను నడుపుతున్నాను, బాబాయికంటే బాగానే. మలుపు దగ్గర అరుస్తాను. జరుగుతారు. కానీ జరుగుతూ పక్కవాడి మొహంలోకి అనుమానంగా చూస్తారు. అద్దంలో నా మొహంలోకి కూడా.