గోడవైపు తిరిగిన కుర్చీ

మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ఫోను ఉన్నట్టుండి సైరన్‌లా కూసింది. కృష్ణకు వరద వస్తున్నదనీ, కొల్లూరు వైపు ఏటి నడుమ లంకల్లో ఉన్నవాళ్లు వెంటనే గట్టు దాటి రావాలనీ బాపట్ల నుంచి అధికారులు పంపిన హెచ్చరిక. తెనాలిలో మేడమీద కూర్చున్న నాకు ఆ నీటితో ఇప్పుడు పనేమీ లేదు. అయినా కంచం పక్కకు జరిపాను. ఒకప్పుడు ఈ మాట ఫోను చెప్పేది కాదు, ఎవరో ఒక మనిషి తన నోటితో చెప్పవలసి వచ్చేది. నేనెరిగిన ఒక లంకకు ఆ మనిషి మా అక్క.

మా చిన్నతనం రేపల్లెలో గడిచింది. మాది కతోలిక కుటుంబం. అలాంటి ఇళ్లలో సాయంత్రపు జపమాల కొత్త సంగతేమీ కాదు గాని, మా అమ్మ దానికి ఒక అలవాటు జోడించింది. జపమాల అయ్యాక, దేవుణ్ణి మన్నింపు కోరే ఉత్తమ మనస్తాప జపానికి ముందు, తలా ఒక గోడవైపు తిరిగి కాసేపు మౌనంగా కూర్చోవాలి. పొద్దుటినుంచి ఏం చేశామో, ఎందుకు చేశామో ఎవరికి వారు లోపల చూసుకోవాలి. ఎదురుగా ఇంకొకరి మొహం ఉంటే మనిషి తనతో తాను కూడా నిజం చెప్పుకోడని అమ్మ నమ్మకం. నాకు మాత్రం ఆ గోడ సున్నం పెచ్చుల్లో ఏనుగులూ ఓడలూ కనిపించేవి. అక్కకు చిన్నప్పటినుంచీ నిజంగానే ఏదో కనిపించేది.

పెళ్లయి కొల్లూరు దగ్గర ఏటి ఒడ్డు పల్లెకు వెళ్లిన అక్క, సీటు ఆడవాళ్లకు కేటాయించిన ఏడాది ఎవరూ అనుకోకుండా సర్పంచ్ అయింది. ఊరు సంతోషించింది, బావ సంతోషించాడు, అక్క భయపడింది. తన సంతకం వల్ల ఎవరికి మేలో ఎవరికి కీడో తెలియడం లేదని చెప్పేది. అందుకని అమ్మ అలవాటును మధ్యాహ్నానికి కూడా తెచ్చుకుంది. చర్చి గంట మోగగానే, రోజుకు మూడుసార్లు చెప్పే త్రికాల జపం చెప్పుకుని, పంచాయతీ ఆఫీసులోనే కుర్చీని గోడవైపు తిప్పుకుని కాసేపు కూర్చునేది. సర్పంచ్ గారు గోడనడుగుతున్నారు, గోడ ఒప్పుకుంటే మనకు రోడ్డు వస్తుందని ఊళ్లో వేళాకోళం చేసేవారు.

ఒక వానాకాలం, వరద వస్తుందన్న కబురు నమ్మి, లంకలో ఉన్నవాళ్లందరినీ గట్టుమీదికి రప్పించింది. నీళ్లు రాలేదు. గొడ్లు మేత లేక మాడాయి, కోసే దిక్కులేక వంకాయలు చెట్టునే ముదిరిపోయాయి. ఆ తరువాత అక్క వీధిలో నడుస్తుంటే, గొడుగులు తీయండర్రా, సర్పంచ్ గారొస్తున్నారు అనేవాళ్లు. అక్క కూడా నవ్వేది. లోపల ఎంత గుచ్చుకుందో ఎవరికీ తెలియనివ్వలేదు.

మరుసటి ఏడు ఎగువనుంచి మళ్లీ అదే కబురు. అప్పటికి నేను తెనాలిలో ఒక దినపత్రికకు కొత్తగా విలేకరిగా చేరాను. వరద వార్త రాద్దామని అక్క ఊరికి వెళ్లేసరికి ఏటి పాయ ఎర్రగా సుళ్లు తిరుగుతున్నది. అధికారులేమో ఇంకా చూద్దామన్నారట. సాయంత్రమైతే పడవ దాటదు, అవతల లంకలో పిల్లాపాపలతో కుటుంబాలున్నాయి. నేను పంచాయతీ ఆఫీసు గుమ్మంలో అడుగు పెట్టేటప్పటికి అక్క కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. కాసేపటికి లేచి, చెప్పులేసుకుని రేవుకు నడిచింది, వెనకే నేను. పడవలో చెప్పింది. అధికారుల మాట, గొడ్ల మేత, కాయకొచ్చిన తోటలు అంటూ లంకకు కబురు చేయకపోవడానికి పొద్దుటినుంచీ తనకు తాను చెప్పుకున్న కారణాలన్నీ ఒక్కొక్కటే పక్కకు తీసి చూస్తే, అడుగున ఒక్కటే మిగిలిందట. మళ్లీ నవ్వుతారని.

లంకలో ఒక పెద్దాయన గేదె తాడు వదలకుండానే అన్నాడు: "ఏంటమ్మాయ్, మళ్లీ వచ్చావా? పోయినేడు నీ మాట విని గట్టుమీద ఎండాం. గేదెల్ని కాదు, ఈసారి నిన్ను కట్టేయాలి."

"నవ్వుదురుగానిలే బాబాయ్," అంది అక్క. "గట్టుమీద కూర్చుని నవ్వుదురుగాని, పదండి."

సణుక్కుంటూనే కదిలారు. పొద్దుగూకేలోగా మనుషులూ గొడ్లూ పాయ దాటి ఇవతలికొచ్చాయి. అక్క ఒక్కతే గట్టుమీద నీటికేసి చూస్తూ నిలబడింది. తెల్లవారేసరికి లంక లేదు. నీటి మీద అరటి మొవ్వులు మాత్రం తేలుతున్నట్టు కనిపించాయి. ఆ పెద్దాయనే కండువాతో కళ్లొత్తుకుంటూ వచ్చి, నీ నోట దేవుడు పలికాడమ్మాయ్ అన్నాడు. అక్క తల వంచుకుంది. సిగ్గుపడిందనుకున్నాం.

మధ్యాహ్నం గంట మోగాక, జనం తలదాచుకున్న బడిలోనే ఒక గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చుంది. తరువాత నన్ను పక్కకు పిలిచింది.

"ఫాదర్ గారికి ఎలాగూ చెప్పుకుంటాను తమ్ముడూ. నువ్వు పేపర్లో రాసేవాడివి గనక నీకు ముందు చెబుతున్నా. నిన్న గట్టుమీద నిలబడి, ఇంకా పెరగవేంటీ నీళ్లు అనుకున్నానురా. రాకపోతే మళ్లీ నవ్వుతారని. వాళ్ల తోటలు మునిగితే నా మాట నిలబడుతుందని కోరుకున్నా. అలాంటిదాని పేరు గొప్పగా రాయకు."

నేను పేరు రాయలేదు. ఊరు సన్మానం చేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. అందరూ అది వినయమనుకున్నారు. నీళ్లు తీశాక ఆ లంకలో మళ్లీ అరటి పిలకలు నాటేదాకా అక్క రోజూ పాయ దాటి వెళ్లివచ్చింది. అదీ ఆమె మంచితనమే అనుకున్నారు.

అక్క పోయి చాలాకాలమైంది. ఇప్పుడు హెచ్చరిక ఒక్కసారిగా అందరి చేతుల్లోనూ మోగుతుంది, అది ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నది, సంతోషమే. తప్పయినా నవ్వడానికి ఎదురుగా ఒక మొహం ఉండదు. సాయంత్రాలు ఇప్పటికీ మా ఇంట్లో అందరం గోడవైపే తిరిగి కూర్చుంటున్నాం. గోడమీద టీవీ ఉంది. నిన్న రాత్రి అందులో కృష్ణ పొంగు చూపిస్తూ, చివరికి ప్రమాదం తప్పింది, నీళ్లు తగ్గుముఖం పట్టాయి అన్నారు. ఎంతయినా జీవితమంతా వార్తల్లో బతికినవాణ్ణి, వరద వస్తేనే నాకు వార్త. టీవీ కట్టేసి, ఆ ఖాళీ గోడకేసి చూస్తూ, ఆ మాట విని నాకు నిజంగా సంతోషం కలిగిందా లేదా అని చాలాసేపు వెతుక్కున్నాను.