ఖాళీ ప్లేటుతో పోలొనైజ్

ఇంగ్లండులోని స్లౌలో మా పక్క ఫ్లాట్ పోలిష్ అమ్మాయి కాషా పెళ్లికి వెళ్లాం. సంగీతం మొదలవగానే అందరూ జంటలుగా చేతులు పట్టుకుని వరుసగా నడవసాగారు.

"లేవవే, భోజనాల లైను కదులుతోంది!" అంటూ మావారు ఖాళీ ప్లేటుతో మధ్యలో దూరారు.

"అది వాళ్ల పోలొనైజ్ డాన్సండీ!" అన్నా వింటేనా! తిన్నగా బఫే బల్ల వైపు తిరిగారు. వెనక జంటలన్నీ ఆయన వెంటే తిరిగాయి. పెళ్లికూతురు ఒకవైపు, సగం పెళ్లి ఇంకోవైపు! నాకు తల కొట్టేసినట్టయింది.

కాషా అమ్మమ్మ వచ్చి, ప్లేటు లాక్కుని నా చేతిలో పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"మా వేడుకలు ఈ నడకతోనే మొదలవుతాయి. చిన్నాపెద్దా అందరూ కలిసి నడవాల్సిందే" అంది.

పెళ్లి వీడియోలో ఆయన దర్జాగా ఆడుతున్నారు. డాన్సని తెలిసిన నేను మాత్రం గోడవార, ఖాళీ ప్లేటుతో! ఎప్పుడు చూసినా ఒళ్లు మండుతుంది.