ఏసీకి పెట్టిన బొట్టు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, మే నెల మొదటి వారంలో నన్ను ఒమాన్‌లోని మస్కట్ ప్రధాన కార్యాలయం నుంచి బర్కాలోని కార్మికుల క్యాంపుకు మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. హోదా వినడానికి బాగానే ఉంటుంది. కరెంటు, నీళ్లు, ఏసీలు, ఈ మూడింటిలో ఏది ఆగినా క్యాంపంతా కలిసి తిట్టే మనిషి అని దాని అర్థం. నా పైన అడ్మిన్ మేనేజరు ప్రసాదరావు గారు, విజయనగరం ఆయన. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు. ఖర్జూర తోటల వెనక వరుసగా నలభై గదులు, గదికి ఆరుగురు మనుషులు, ఒక స్ప్లిట్ ఏసీ. ఏసీలన్నీ ఒకే మోడలు.

వెళ్లిన వారానికే ప్రసాదరావు గారు పిలిచి పని అప్పగించారు. మనుషులు డ్యూటీకి పోయినా గదుల్లో ఏసీలు నడుస్తూనే ఉంటున్నాయట. క్యాంపులోని అన్ని గదుల్లోనూ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఏసీలు ఆగి ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గదుల అజమాయిషీ చూసే క్యాంప్ బాస్ రిమోట్లన్నీ వసూలు చేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఫలితం సున్నా. రిమోట్ పోగొట్టుకున్నవాళ్ల కోసం ఏసీ ముందు మూత కింద ఒక చిన్న బటన్ ఉంటుంది. ఆ సంగతి మనవాళ్లకు క్యాంప్ బాస్ కంటే ముందే తెలుసు.

"మనిషి అక్కర్లేకుండా జరిగిపోవాలండీ సూర్యం గారూ. మీరేదో ఒకటి చూడండి," అన్నారు ప్రసాదరావు గారు.

ఇలాంటి మాట చెవిన పడితే నాకు ఒళ్లు తెలియదు. వారం తిరక్కుండా ఒక పరికరం తయారుచేశాను. దాని కిటుకు కొంచెం చెబుతాను. రిమోట్ నొక్కినప్పుడు దాని కొనన ఉన్న బుల్లి దీపం కంటికి కనబడని పరారుణ కాంతిని మినుకులు మినుకులుగా పంపుతుంది. ఆ మినుకుల మధ్య పొట్టి విరామాలు, పొడుగు విరామాలు కలిసి ఒక సందేశం అవుతాయి. టీవీ రిమోట్ పంపేది ఒక్క ముక్క, 'సౌండ్ పెంచు' అని. ఏసీ రిమోట్ అలా కాదు. ఏ బటన్ నొక్కినా ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా, ఎన్ని డిగ్రీలు, ఫ్యాన్ ఎంత వేగం అని మొత్తం జాతకం చదువుతుంది. నేను చేసిందల్లా 'ఆఫ్' జాతకాన్ని ఒకసారి పట్టుకుని, అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డులో దాచి, వేళకు మళ్లీ చదివించడం. మోడలు ఒకటే కాబట్టి ఒకే సందేశం నలభై గదులకూ సరిపోయింది.

మనుషులు సైట్‌లో ఉన్నప్పుడు గదికొక తెల్ల డబ్బా బిగించాం. చూడటానికి ఫైర్ అలారంలా ఉంటుంది. ఫైర్ అలారం ముట్టుకుంటే పెద్ద తప్పు కనుక ఎవరూ దాని జోలికి పోరు. ఎవరైనా బటన్ నొక్కి మళ్లీ వేసుకుంటే? దానికీ మందు వేశాను. ప్రతి పది నిమిషాలకూ డబ్బా 'ఆఫ్' పంపుతూనే ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌లో గదుల పట్టిక, ఎదురుగా 'ఆఫ్', 'ఆఫ్', 'ఆఫ్'. ప్రసాదరావు గారు దాన్ని చూసి మురిసిపోయారు. నేనూ తక్కువేం మురవలేదు.

జూన్ వచ్చింది. ఆ నెల నుంచి మధ్యాహ్నపు ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడి నియమం. కంపెనీ కాంక్రీటు పనిని రాత్రి డ్యూటీకి మార్చి, ఆ మనుషులను ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా ఎనిమిది గదుల్లో సర్దింది. వాళ్లు పొద్దున ఆరున్నరకు వచ్చి, స్నానం చేసి, తిని పడుకునేసరికి ఎనిమిది. ఆ వేళకు నా డబ్బా లేస్తుంది. ఉత్తర్వులో 'అన్ని గదులు' అని ఉంది, నేను అన్ని గదులకూ పెట్టాను. పగలు ఎవరైనా పడుకుంటారా అని ఉత్తర్వు రాసినవాళ్లు అడగలేదు, నేనూ అడగలేదు.

జూన్ చివర్లో ఇరవై నాలుగో గది రాజన్న ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, పరంజా కట్టే పనిలో పన్నెండేళ్ల అనుభవం. "సార్, గిండ్ల ఏం రాసిన్రో జర సదివి చెప్పుండ్రి," అన్నాడు. అది రెండో వార్నింగ్ లెటర్. పరంజా మీద బెల్టు తగిలించుకుని కూర్చుని నిద్రపోయాడట. మూడోది వస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. చదివి చెప్పాను.

"పండుకుంటె గద సార్ డ్యూటీల నిద్ర ఆగుడు. ఎనిమిదైతె సాలు, ఏసీ దయ్యం వట్టినట్టు బందైతది. మల్ల ఏస్తె మల్ల బందైతది. ఊర్ల ఇల్లు సగంల ఆగింది. ఇప్పుడు వంపిస్తె నా బతుకేం గావాలె?"

ఆ దయ్యానికి తండ్రిని నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూటే ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లి ఎనిమిది గదులకు మినహాయింపు ఇమ్మని అడిగాను. ఒకరికిస్తే నలభై గదులవాళ్లూ అడుగుతారని, పట్టిక ఇంత శుభ్రంగా పైకి వెళుతుంటే మధ్యలో మచ్చ ఎందుకని ఆయన కొట్టేశారు. ఆయన సంతకం లేకుండా డబ్బా ప్రోగ్రాం మార్చే అధికారం నాకు లేదు.

తర్వాత రెండు వారాలు రాజన్న మళ్లీ కనబడలేదు. జూలై మధ్యలో ఫిల్టర్లు శుభ్రం చేసే వంతు వచ్చి, పగలు పదకొండింటికి ఇరవై నాలుగో గది తలుపు తీశాను. లోపల చల్లగా ఉంది. ఆరుగురూ దుప్పట్లు ముసుగుపెట్టి గుర్రు కొడుతున్నారు. ఆఫీసు పట్టికలో మాత్రం ఆ గది 'ఆఫ్'. తలెత్తి చూస్తే ఏసీకి దిట్టంగా గంధం, దాని మీద కుంకుమ బొట్టు. సరిగ్గా ఏసీ రిమోట్ మాట వినే కన్ను ఎక్కడుంటుందో అక్కడ.

రాజన్న లేచి కూర్చున్నాడు. "మా దిక్కు మిషన్లకు బొట్టు వెడ్తం సార్. ఆయుధ పూజ."

"దసరాకు ఇంకా మూడు నెలలుంది కదయ్యా."

"ముందుగాల్నే జేసినం."

గోటితో అంచు లేపాను. గంధం కింద మాత్రల పట్టీ నుంచి చించిన వెండిరేకు ముక్క. పరారుణ కాంతి పలుచటి కాగితంలోంచి కొంత దూరుతుంది, రేకులోంచి దూరదు. రేకు వేశాక మూత కింది బటన్ నొక్కి ఏసీ వేసుకున్నారు. డబ్బా పది నిమిషాలకోసారి అరుస్తోంది, వినే నాథుడు లేడు. డబ్బా సంగతి ఎలా కనిపెట్టారని అడిగాను.

"మా ఇంటామె సార్. పొద్దుగాల ఫోన్ల మొకం జూసుకుంట మాట్లాడుతున్నం. 'నీ ఎన్క డబ్బల గులాబి లైటు కొట్టుకుంటున్నది, గప్పుడే ఏసీ మూతి మూసుకున్నది' అన్నది. నేను తిరిగి జూస్తె ఏం లేదు. ఫోన్ల జూస్తె ఉన్నది."

మన కంటికి కనబడని ఆ వెలుతురు ఫోన్ ముందు కెమెరాకు కనబడుతుంది. నలభై డబ్బాలు బిగించిన నాకు ఆ ఆలోచనే రాలేదు. జగిత్యాలలో కూర్చున్న ఆవిడ ఒక్క చూపుతో పట్టేసింది. ఇక ఆ డబ్బా పెట్టినవాడి గురించి రాజన్న నోరు విప్పాడు. వాడి చేతుల నుంచి మొదలుపెట్టి వాడి వంశం దాకా వెళ్లాడు. మధ్యలో ఆపాను. "ఆ పెట్టినవాణ్ణి నేనే," అన్నాను. అతను నాలిక కరుచుకున్నాడు. నేను గంధం అంచును బొటనవేలితో నొక్కి సరిచేసి, రిజిస్టరులో 'ఫిల్టర్ శుభ్రం, లోపం లేదు' అని రాసి వచ్చేశాను. నా ఉద్యోగంలో తెలిసి రాసిన తప్పుడు రాత అదొక్కటే.

మర్నాడే ప్రసాదరావు గారి ఫోన్. ఎల్లుండి పది గంటలకు ప్రధాన కార్యాలయం నుంచి ఇంజనీరు శమ్సా మేడమ్ వస్తున్నారు, ముందు మీటింగ్ గదిలో పట్టిక చూపించి తర్వాత గదులు తిప్పుదాం అన్నారు. ఆ బొట్టు బయటపడితే పరికరాన్ని పాడుచేసినందుకు రాజన్నకు మూడో లెటర్ ఖాయం. ముందుగా తీయించేద్దామంటే, అతను ఆ పగలు నిద్ర లేక ఆ రాత్రి పరంజా ఎక్కాలి.

అప్పుడు ఉత్తర్వు తీసి మళ్లీ చదివాను. 'క్యాంపులోని అన్ని గదులు.' మీటింగ్ గది కూడా గదే కదా! అక్కడి ఏసీ కూడా అదే మోడలు. మేడమ్ వచ్చే రోజు ఉదయం ఏడింటికి వెళ్లి నలభై ఒకటో డబ్బా బిగించాను. దీనికి పది నిమిషాల గడువు కూడా ఇవ్వలేదు, నిమిషానికోసారి అరవమన్నాను.

పది గంటలకు సమావేశం మొదలైంది. శమ్సా మేడమ్ ఒమానీ ఆవిడ, తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. ప్రసాదరావు గారు రిమోట్‌తో ఏసీ వేశారు. నిమిషంలో అది బీప్‌మని మూతి ముడిచింది. మళ్లీ వేశారు. మళ్లీ ముడిచింది. అయిదోసారికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇదేమిటని నావైపు చూస్తే, అన్ని గదులన్నారు కదండీ, దీనికి మినహాయింపు కావాలంటే మీ సంతకం కావాలన్నాను.

ఇంతవరకూ నేను అనుకున్నట్టే నడిచింది. తర్వాతిది నేను అనుకోలేదు. మేడమ్ తెర మీది పట్టికనూ, పైన ఆ నిమిషానికి నడుస్తున్న ఏసీనీ మార్చిమార్చి చూసి, ఇది నడుస్తోంది, మీ పట్టికలో ఆఫ్ అని ఉంది, మరి మిగతా నలభై ఆగాయని మీకెలా తెలుసు అని అడిగారు. నా గోతిలో నేనే పడ్డాను. తెలియదు మేడమ్ అన్నాను. ఆగమని పంపినట్టు తెలుస్తుంది, ఆగిందో లేదో ఏసీ తిరిగి చెప్పదు. ప్రసాదరావు గారి ముఖం నేను చూడలేదు.

అయితే వెళ్లి చూద్దామని ఆవిడ లేచారు. జేబులోంచి మినహాయింపు కాగితం తీశాను. అందులో రెండు వరుసలున్నాయి. ఒకటి మీటింగ్ గది, రెండోది రాత్రి డ్యూటీవాళ్ల ఎనిమిది గదులు. ఇది సంతకం అయ్యాక వెళదామని, అక్కడ ఈ వేళ మనుషులు నిద్రపోతారని చెప్పాను. ఈ ఎండలో ఏసీ లేకుండానా అని ఆవిడ అడిగారు. అప్పటికి ఆ గదిలో ఆవిడ ఇరవై నిమిషాలు కూర్చుని ఉన్నారు. ఆవిడ కాగితాన్ని ప్రసాదరావు గారి ముందుకు జరిపారు. ఆయన రెండో వరుస కొట్టేయడానికి కలం ఎత్తి, ఆవిడ వైపు చూసి, కింద సంతకం పెట్టేశారు.

మొదట ఇరవై నాలుగో గదికే వెళ్లాం. సంతకమై అయిదు నిమిషాలు, గది చూస్తే తెల్లవారినప్పటినుంచీ చల్లబడిన గది. ఆవిడ ఇంజనీరు, ఆ లెక్క తెలియనిది కాదు. ఏసీ మీది బొట్టును చాలాసేపు చూసి, ఏమిటని అడిగారు. యంత్రాలకు అలా పెట్టడం మా ఆచారమన్నాను. పెడితే బాగా పనిచేస్తుందా అన్నారు.

"చాలా బాగా పనిచేస్తోంది మేడమ్," అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.

ఆ సాయంత్రమే ఎనిమిది డబ్బాల వేళలు మార్చాను. రేకు తీయమంటే రాజన్న ఒప్పుకోలేదు. "సంతకాన్ని నమ్ముత గని సార్, మీ డబ్బను నమ్మ," అన్నాడు. నేను పట్టుబట్టలేదు. అతనికి మూడో లెటర్ రాలేదు. కాంట్రాక్టు పూర్తిచేసుకునే ఊరికి వెళ్లాడు.

ఆ తర్వాత పట్టికలో 'ఆఫ్' అన్న మాట తీసేసి 'ఆఫ్ పంపాం' అని పెట్టాను. ఆదేశం పంపడం ఒక పని, అది జరిగిందని తెలుసుకోవడం వేరే పని. ఈ రెండింటికీ ముందు చేయాల్సింది, ఆ గదిలో ఆ వేళ ఎవరుంటారని అడగడం. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా నేను దాన్ని ఆఖరున అడిగాను.